కాలువ లైనింగు, రక్తనాళం లైనింగు

(మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1984 పదో తరగతి బ్యాచ్. ఇక్కడి నుంచి వనపర్తి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌కు పోయి, ఆ తర్వాత ఇంజనీరింగు చదివి, ఉద్యోగమంతా కాలువల మీదనే గడిపాను. కొన్నాళ్లు గద్వాల వైపు జూరాల కాలువల మీద, కొన్నాళ్లు నాగర్‌కర్నూల్ వైపు కల్వకుర్తి ఎత్తిపోతల మీద. సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు కృష్ణా నీళ్ల గురించి మాట్లాడు" అన్నారు. నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పుడు రోజూ టీవీల్లో దొరుకుతున్నారు. నేను రక్తం గురించి మాట్లాడతానన్నాను. అవతలి వైపు కాసేపు చప్పుడు లేదు. మన బడి డాక్టర్లు ఇక్కడ కనీసం ముగ్గురు ఉన్నారు. ఈ కాగితం ముందే ఒకరికి చూపించాను. అయినా ఎక్కడన్నా తప్పు దొర్లితే చెయ్యెత్తండి, ఆగుతాను.

నాకు ఈ విషయం పట్టుకోవడానికి కారణం మా బెంచీ వాడు. పేరు చెప్పను, మా బ్యాచ్ వాళ్లకు చెప్పనక్కరలేదు. మూడేళ్ల కిందట ఒక పెళ్లిలో కలిసినప్పుడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎక్కడో క్యాంపులో వేలికి క్లిప్పు పెట్టి రెండు నిమిషాల్లో ఇచ్చిన ప్రింటు అది. అందులో "రక్తనాళాల వయసు 38" అని ఉంది. అప్పటికి వాడికి 53. షుగరు ఉంది, రోజుకు ఒక కట్ట బీడీలు ఉన్నాయి. "చూడు బావా, నా నరాలు ఇంకా పోరగాని నరాలే అంట" అన్నాడు. నేను ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చూసి "మంచిదే కదరా" అని తిరిగి ఇచ్చేశాను.

కాలువ మీద గేజి రీడింగు తెచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను నాలుగు ప్రశ్నలు అడగకుండా నేనెప్పుడూ వదిలిపెట్టలేదు. ఎన్నింటికి చూశావు, ఏ గేటు ఎంత ఎత్తి ఉంది, పైన వాన పడిందా అని. ఆ రోజు మాత్రం ఒక్కటీ అడగలేదు. తొమ్మిది నెలల తర్వాత వాడు పొలం గట్టు మీద కూలిపోయాడు, ఆసుపత్రి దాకా పోలేదు. ఆ కాగితమే వాణ్ని చంపిందని అనను. కానీ అది చేతికొచ్చిన నాటి నుంచి షుగరు గోలీలు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేసేవాడని వదిన తర్వాత చెప్పింది. అప్పటి నుంచి ఆ కాగితంలోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని కూర్చున్నాను. ఇవాళ చెప్పేది అదే.

ముందు ఒక మాట. మన దగ్గర రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, కబురు మోసే తీగనూ నరమే అంటాం. రెండూ వేరు. నేను చెప్పేది రక్తనాళం గురించి. దాని గోడలో కండ ఉంటుంది. ఆ కండకు లోపలి వైపు, రక్తాన్ని నేరుగా తాకుతూ, ఒకే ఒక్క కణం మందంలో ఒక పొర ఉంటుంది. డాక్టర్లు ఎండోథీలియం అంటారు. నాకైతే లైనింగు అనడమే తేలిక.

ఈ లైనింగు నీళ్లు కారకుండా వేసిన సిమెంటు లాంటిదని చాలాకాలం అనుకున్నారు. అది పని చేసే పొర అని బయటపడింది 1980లో. అమెరికాలో బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు రక్తనాళం ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే మందు వేసి చూస్తున్నాడు. ఆయన చేతిలో ఆ ముక్కలు ఎప్పుడూ ముడుచుకునేవి. ఒకసారి మాత్రం ముడుచుకోవాల్సినవి వదులయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమంటే, ముక్కలు తయారు చేసేటప్పుడు లోపలి పొర రుద్దుకుపోతే ముడుచుకుంటాయి, పొర చెదరకుండా ఉంటే వదులవుతాయి. అంటే ఆ పొర నుంచి ఏదో పదార్థం బయటికొచ్చి వెనకనున్న కండకు "వదులుకో" అని చెబుతోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత కొన్నేళ్లకు తేల్చారు. 1998లో ఫర్చ్‌గాట్‌కు, లూయి ఇగ్నారోకు, ఫెరిడ్ మురాద్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. పని పాడైందని ఆ ముక్కలను పారేసి ఉంటే ఆ బహుమతీ లేదు. సైన్సు ల్యాబులో మనం పారేసినవి ఎన్నో, సార్లకే తెలియాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పొర బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

కాలువకైతే క్లోజర్ ఉంటుంది. నీళ్లు ఆపి, అడుగున నడుచుకుంటూ పోయి, ఎక్కడ పలక లేచింది, ఎక్కడ పగులు పడింది కళ్లతో చూస్తాం. రక్తానికి క్లోజర్ లేదు. పారుతుండగానే తెలుసుకోవాలి. కాలువ పారుతున్నప్పుడు మేమేం చేస్తాం? గేటు కదిలించి, కింద ఏమవుతుందో చూస్తాం. వైద్యులు చేసేదీ అదే. లైనింగుకు ఒక పని పెట్టి, చేస్తుందా లేదా అని చూడాలి. పని పెట్టకుండా తీసిన అంకె ఇంకేదన్నా చెబుతుందేమో గానీ, లైనింగు పని చేస్తోందా అన్నది చెప్పదు.

మొదట ఈ పని నేరుగా గుండె నాళాల్లోనే చేశారు. 1986లో బోస్టన్ వైద్యులు సన్నటి గొట్టం పంపి గుండె ధమనిలోకి అదే ఎసిటైల్‌కోలిన్ వదిలారు. బాగున్న ధమని వెడల్పైంది, జబ్బు పడ్డ ధమని ముడుచుకుంది. కుందేలు ముక్కలో చూసిందే మనిషిలో కనబడింది. కానీ ఆరోగ్యంగా తిరిగే మనిషికి గుండెలోకి గొట్టం వేసి చూడలేం కదా.

దానికి 1992లో లండన్‌లో సెలర్‌మాయర్, ఆయన సహచరులు ఒక దారి చూపారు. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే, ఎందుకంటే ఇది అచ్చంగా గేటు పరీక్ష. మోచేతి పైన ఉండే ధమనిని అల్ట్రాసౌండ్‌తో చూసి వెడల్పు కొలుస్తారు. ముంజేతికి బీపీ పట్టీ కట్టి, రక్తం ఆగిపోయేంత బిగించి, 5 నిమిషాలు ఉంచుతారు. తర్వాత ఒక్కసారిగా వదులుతారు. ఆకలిగొన్న ముంజేతికి రక్తం ఉరుకుతుంది. ఆ ఉరుకుడుకు పైనున్న ధమని లోపలి గోడ మీద రాపిడి పెరుగుతుంది. రాపిడిని పసిగట్టిన లైనింగు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, కండ సడలుతుంది, ధమని వెడల్పవుతుంది. ఒక నిమిషం అటూ ఇటూగా మళ్లీ కొలిచి, ఎంత శాతం పెరిగిందో చూస్తారు. తర్వాత వేరేగా నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెట్టి ఇంకోసారి కొలుస్తారు. ఆ మందు లైనింగుతో పని లేకుండా నేరుగా కండనే సడలిస్తుంది. దానికి ధమని వెడల్పై, మొదటిదానికి కాకపోతే లోపం లైనింగుదే. గేటు బాగుందా, మోటారు బాగుందా అని విడివిడిగా చూసినట్టు.

ఆరోగ్యవంతుల్లో ఈ పెరుగుదల ఎక్కువగా 5 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. ఇంతేనా అనకండి. గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. వెడల్పు 10 శాతం పెరిగితే అదే ఒత్తిడికి పారేది 46 శాతం పెరుగుతుంది. లెక్కల సారు ఇక్కడే ఉన్నారు, 1.1ని నాలుగుసార్లు గుణించి చూసుకోవచ్చు. నిజం రక్తనాళంలో లెక్క ఇంత శుభ్రంగా రాదు, కానీ దిశ అదే.

ఈ పరీక్ష అందం ఇక్కడుంది, ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. ఆ ధమని వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. అందులో 5 శాతం అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. తెర మీద గీత పెట్టేటప్పుడు పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఫలితం రెండున్నర శాతం మారిపోతుంది. నా సంగతే చెబుతాను. మా వాడు పోయిన తర్వాత భయపడి హైదరాబాద్‌లో ఒక చోట ఈ పరీక్ష చేయించుకున్నాను. రాత్రంతా బస్సులో కూర్చుని, దిగగానే రెండు టీలు తాగి పోయాను. 4 శాతం వచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పది రోజులకు, కడుపున నిద్రపోయి, ఏమీ తినకుండా తాగకుండా పోయి, చల్లటి గదిలో పావుగంట పడుకున్నాక చేయించుకుంటే 7 వచ్చింది. పది రోజుల్లో నా లైనింగు కొత్తది కాలేదు. కొలిచిన తీరు మారింది. పరగడుపున రావాలని, టీ, కాఫీ, పొగ ఉండకూడదని మొదటిసారి ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అందుకే ఈ పరీక్ష వందల మందిని పోల్చే పరిశోధనలో బలంగా నిలబడింది, ఒక్క మనిషి చేతికి ఇచ్చే సర్టిఫికెట్‌గా నిలబడలేదు. పొగ తాగే యువకుల్లో, జబ్బు ఏదీ బయటపడకముందే, ఈ స్పందన తగ్గుతుందని సెలర్‌మాయర్ బృందమే 1993లో చూపింది. 1996లో ఇంకో మాట చెప్పింది. తాను తాగకపోయినా పక్కవాళ్ల పొగ పీల్చేవాళ్లలో కూడా అది తగ్గుతుంది. అన్నలూ, ఇంట్లో కూర్చుని కాల్చే బీడీ మీ ఒక్కరి లెక్కలోకే రాదు.

వేళ్లకు రెండు వైపులా చిన్న పట్టీలు తొడిగి, ఒక చేతికి 5 నిమిషాలు రక్తం ఆపి, రెండో చేతితో పోల్చే పరికరం కూడా ఉంది, ఎండోప్యాట్ అంటారు. అదీ గేటు పరీక్షే. కాకపోతే పెద్ద ధమనిని కాకుండా వేళ్లలోని సన్న నాళాలను చూస్తుంది.

ఇక మన హైదరాబాద్ సంగతి. పంజాగుట్టలోని నిమ్స్‌లో, క్లినికల్ ఫార్మకాలజీ విభాగంలో, తక్కువ ఖర్చుతో ఇదే పని చేసే పద్ధతిని ఏళ్ల తరబడి వాడారు. దాని మూలం 1999లో లండన్ నుంచి వచ్చిన పరిశోధన. వేలికి క్లిప్పు పెడతారు. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన ఆక్సిమీటర్ సోదరుడే అది, లోపల ఒక లైటు, ఒక సెన్సారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద ఒక పెద్ద అల, దాని వెనక ఒక చిన్న అల వస్తాయి. చిన్నది కింది భాగం నాళాల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని. పెద్దదానిలో చిన్నది ఎంత శాతమో రాసుకుంటారు. తర్వాత ఆస్తమా వాళ్లు పీల్చే సాల్బుటమాల్‌ను 400 మైక్రోగ్రాములు పీల్పించి, 15 నిమిషాలాగి మళ్లీ తీస్తారు. ఆ మందు లైనింగు చేత నైట్రిక్ ఆక్సైడ్ వదిలిస్తుంది. లైనింగు బాగుంటే చిన్న అల బాగా దిగుతుంది. ఆ మార్పు 6 శాతం గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే లైనింగు సరిగా పలకడం లేదని లెక్క.

ఇప్పుడు మా వాడి కాగితం గుర్తు తెచ్చుకోండి. అదీ వేలి క్లిప్పే, అదే లైటు, అదే అల. కానీ మందు లేదు, పట్టీ లేదు, రెండో కొలత లేదు. గేటు ఎవరూ కదిలించలేదు. ఒక అల ఆకారం చూసి, ఏదో సూత్రంలో వేసి, 38 అని అచ్చు వేసింది. లైనింగును అసలు పరీక్షించనే లేదు. ఆ పెళ్లి పందిట్లో నేను ఒక్క మాట, "కొలిచే ముందు నీకేమన్నా ఇచ్చారారా, చేతికి పట్టీ కట్టారా" అని అడిగి ఉంటే ఇదంతా అక్కడే తేలిపోయేది.

నిమ్స్ వాళ్లు ఈ పద్ధతితోనే షుగరు ఉన్నవాళ్లలో పసుపులోని కుర్కుమిన్‌తో చేసిన మందును పరీక్షించి 2008లో, ఉసిరి సారంతో పరీక్షించి 2013లో ప్రచురించారు. లైనింగు స్పందన మెరుగైందని చూపారు. షుగరు ఉన్నవాళ్ల లైనింగు కూడా తిరిగి కోలుకునే గుణం ఉన్నదని దీన్ని బట్టి నాకు అర్థమైంది. అయితే అవి కొద్ది వారాల పరీక్షలు, చూసింది అలల్లో మార్పును, గుండెపోట్లు తగ్గాయా అని కాదు. అందులో వాడింది కొలత ప్రకారం తీసిన సారం. ఉసిరికాయ పచ్చడి అని అర్థం చేసుకుని రెండు ముద్దలు ఎక్కువ తినకండి. ఆ ఉప్పుకు బీపీ వేరే లెక్క రాసుకుంటుంది.

ఇంకొక పరీక్షను చాలామంది దీనితో కలిపేస్తారు, కాబట్టి చెప్పాలి. నాడి అల వేగం. కల్వకుర్తి పంపుహౌసులో పనిచేసిన వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. కరెంటు పోయి పంపు ఒక్కసారిగా ఆగితే, పైపులో నీళ్లు కదలకముందే ఒత్తిడి అల ఉరుకుతుంది. ఉక్కు పైపులో అది సెకనుకు దాదాపు వెయ్యి మీటర్ల వేగంతో పోతుంది. పైపు గోడ ఎంత గట్టిగా ఉంటే అల అంత వేగంగా పోతుంది. కోర్టెవెగ్ అనే ఆయన 1878లో రాసిన సూత్రం అది. మేం పైపులకు వాడతాం, డాక్టర్లు ధమనులకు వాడతారు. మెత్తటి ధమనిలో ఆ వేగం సెకనుకు ఐదారు మీటర్లు. మెడ నుంచి తొడ దాకా కొలిస్తే 10 మీటర్లు దాటితే గోడ బిరుసెక్కిందని లెక్క. కాళ్లకు చేతులకు పట్టీలు కట్టి ఈ వేగాన్ని తేలికగా కొలిచే పరికరాన్ని నిమ్స్‌లో పరీక్షించి 2005లో రాశారు. మంచి పరీక్షే. కానీ ఇది గోడ బిరుసును చెబుతుంది, లైనింగు పనితనాన్ని కాదు. లైనింగు ముందు చెడుతుంది, బిరుసు చాలాకాలానికి వస్తుంది. పలక లేచిన కాలువకూ, కట్ట కుంగిన కాలువకూ తేడా మీకు తెలుసు.

గోడ బిరుసు అంటే ఒక విషయం గుర్తొస్తుంది. చిన్న బడిలో మనకు పెట్టిన పసుప్పచ్చటి ఉప్మా ఎవరికి గుర్తుంది? చేతులెత్తండి. చాలామందికి ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద రోజూ అదనపు ఆహారం అందింది. మిగతా 14 పల్లెల్లో అది అప్పటికి రాలేదు. ఆ ఆహారం కూడా మక్క, సోయా కలిపిన ఉప్మానే. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలను వెతికి పట్టుకుని, 1,165 మందిని కొలిచారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉప్మా అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. ఇన్సులిన్‌కు శరీరం మొండికేసే గుణం 20 శాతం తక్కువ. ధమనుల బిరుసును చెప్పే సూచిక 3.3 శాతం తక్కువ. బీపీలో, కొవ్వుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న గుప్పెడు ఉప్మా పదిహేనేళ్లకు ధమని గోడలో కనబడింది. పాలమూరు కరువు కాలంలో, తల్లులు వలసల్లో ఉండగా పుట్టినవాళ్లం మనలో ఎంతమంది ఉన్నామో మీకే తెలుసు. మన గోడలు ఎక్కడ మొదలయ్యాయో ఒకసారి ఆలోచించుకోండి.

ఇప్పుడు సంఘం విషయానికి వస్తాను. ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అధ్యక్షులు మన్నించాలి. స్వర్ణోత్సవ నిధిలో కొంత పెట్టి, ఊళ్లల్లో ఆరోగ్య శిబిరాల కోసం ఒక యంత్రం కొందామని ప్రతిపాదన ఉంది. వేలికి క్లిప్పు, రెండు నిమిషాలు, "రక్తనాళాల వయసు". అమ్మడానికి వచ్చినాయన నాకు కూడా డెమో చూపించాడు. నాకు 44 వచ్చింది. సంతోషంగానే ఉంది, కానీ అది వద్దని నా మనవి. తక్కువ అంకె వచ్చినవాడు మందు మానేస్తాడు, ఎక్కువ వచ్చినవాడు నాలాగా నిద్ర మానేస్తాడు.

ఆ డబ్బుతో చేయగలిగింది ఉంది. కాలువ లైనింగు పోయిందని మాకు మొదట ఎక్కడ తెలుస్తుంది? కట్ట బయటి చేలో. అక్కడ తడి ఊరుతుంది. మన ఒంట్లో ఆ చేను మూత్రం. కిడ్నీలోని సన్న నాళాల లైనింగు దెబ్బతింటే, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీను కొద్దికొద్దిగా మూత్రంలోకి ఊరుతుంది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే ఆగి చూడాలి. ఒక్కసారితో తేల్చకుండా మళ్లీ చేయించాలి, జ్వరమో మరొకటో ఉన్నా అది పెరుగుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చేయించమని డాక్టర్లు ఎటూ చెబుతారు, మనమే చేయించం. రెండోది కంటి పరీక్ష. ఒంట్లో రక్తనాళాలను కోయకుండా నేరుగా చూడగలిగేది కంటి వెనక భాగంలోనే. మాకు క్లోజర్‌లో దొరికే చూపు, కంటి డాక్టరుకు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. ఇవి కూడా లైనింగు గురించి చెప్పే పరీక్షలే. వీటి పక్కన బీపీ, మూడు నెలల షుగరు, కొవ్వు ఉండనే ఉన్నాయి. వీటికి కొత్త యంత్రం అక్కరలేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, 2024లో గద్వాలకూ వచ్చింది. మనం చదువుకున్నప్పుడు దీనికి మహబూబ్‌నగరో, కర్నూలో, హైదరాబాదో పోవాలి. ఇప్పుడు ఆటో ఎక్కితే చాలు.

నా లెక్క ప్రకారం, యంత్రం ధరతో మూడు జిల్లాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థుల్లో షుగరు ఉన్నవాళ్లందరికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష రెండేళ్లపాటు చేయించవచ్చు. ఆ కాగితం కార్యదర్శి గారికి ఇచ్చాను. ఇష్టం లేకపోతే చించేయవచ్చు, కానీ ఒకసారి కూడికలు చూసి చించండి.

రేపు పొద్దున ఆరున్నరకు మా పాత తొమ్మిదో తరగతి గదిలో, కిటికీ పక్క బల్ల మీద, బీపీ చూస్తాం, పరీక్షకు మూత్రం డబ్బాలు ఇస్తాం. మన డాక్టర్లు ముగ్గురూ ఒప్పుకున్నారు. వచ్చినవాళ్లు ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఈ షరతు ఆ గదిలో ఎప్పుడన్నా నెగ్గిందా అని మా తెలుగు సారు నవ్వుతున్నారు. బీడీ కాల్చి రావద్దు, టీ తాగి రావద్దు. టీ పొయ్యి ఏడున్నర తర్వాతే వెలిగించమని వంటవాళ్లకు చెప్పాను.